అడ్డగుణకారం ముందు నేర్పాలా, "కె" ముందు చెప్పాలా?

ఎనిమిదో తరగతి అమ్మ: మా వాడికి స్లిప్ టెస్టులో ఆటో ఛార్జీల పట్టిక ఇచ్చారండి. 2 కిలోమీటర్లకు 40 రూపాయలు, 4కు 70, 6కు 100, మరి 8కి ఎంత అని. వీడు 4కు 70 కదా అని అడ్డగుణకారం చేసి (70×8÷4) 140 రాసేశాడు, సరైన జవాబు 130. ఎందుకలా చేశావురా అంటే "ఇలాంటి లెక్కలకు అదే పద్ధతి" అన్నాడు. తప్పు వాడిదా, ఆలోచించకముందే ఆ పద్ధతి చేతికిచ్చిన మనదా? నాకైతే మనదే అనిపిస్తోంది.

ట్యూషన్ మాస్టారు: పద్ధతిని తిట్టకండమ్మా. ఫలరాశిని (తెలిసిన ఫలితం, ఇక్కడ 70) ఇచ్ఛారాశితో (అడిగినది, 8) గుణించి ప్రమాణరాశితో (తెలిసిన కొలత, 4) భాగించమని ఆర్యభటుడు 499లోనే చెప్పాడు, దాన్నే త్రైరాశికం అన్నారు, మనం చేసే అడ్డగుణకారం కూడా అదే. లెక్కలంటే వణికే పిల్లలకు వై ఈక్వల్టు కేఎక్స్, కె అంటే మారని నిష్పత్తి అని మొదలుపెడితే అక్కడే పుస్తకం మూసేస్తారు, ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను. ముందు చేయడం రావాలి, ఎందుకన్నది తర్వాత.

గ్రాఫు పేపరు: మాస్టారూ, మీరు చెప్పిన ఆ పాతవాళ్లే వ్యస్త త్రైరాశికాన్ని వేరుగా పెట్టారు కదా, ఒకటి పెరిగితే రెండోది తగ్గే లెక్కల కోసం. అంటే ఏ రకం లెక్కో తేల్చుకోవడమే వాళ్లకూ మొదటి పని. 6గురు కూలీలు 10 రోజుల్లో చేసే పనిని 12 మంది 20 రోజుల్లో చేస్తారని రాసే పిల్లలు మీకూ తగిలే ఉంటారు. "కె" అనే అక్షరం వద్దులెండి, భాగించి చూడమనండి చాలు. 40ని 2తో భాగిస్తే 20, 70ని 4తో భాగిస్తే 17.50, 100ని 6తో భాగిస్తే 17 కూడా రాదు. మారిపోతోంది కాబట్టి అనులోమానుపాతం (ఒకటి ఎన్ని రెట్లయితే రెండోదీ అన్ని రెట్లవడం) కాదు. అక్కడ మొదటి 2 కిలోమీటర్లకు మినిమమ్ 40, ఆపైన కిలోమీటరుకు 15. గ్రాఫు గీస్తే సరళరేఖే వస్తుంది గానీ మూలబిందువు గుండా పోదు.

ఎనిమిదో తరగతి అమ్మ: అయితే "సున్నాకి ఎంత?" అని అడగమంటే సరిపోతుందా? ఆటో ఎక్కి కూర్చుంటేనే 40 కదా.

ట్యూషన్ మాస్టారు: సరిపోదమ్మా. దోశ చూడండి. పెనం మీద వెడల్పు సున్నా అయితే పిండీ సున్నాయే. కానీ అదే మందంతో రెండింతల వెడల్పు దోశ పోయాలంటే రెండు గరిటెలు కాదు, నాలుగు కావాలి. పిండి వెడల్పుతో కాదు, వెడల్పు వర్గంతో అనులోమంగా పెరుగుతుంది.

గ్రాఫు పేపరు: చూశారా, మీరే నా మాట చెప్పారు! ఆ దోశ లెక్కను అడ్డగుణకారం పట్టుకోలేదు, నిష్పత్తి చూస్తేనే తెలిసింది.

ట్యూషన్ మాస్టారు: పట్టిక వేయించి భాగించి చూడమనడం ముందు పెడతాను, అంతవరకు ఒప్పుకుంటాను. అడ్డగుణకారం మాత్రం అదే వారంలో చెబుతాను, పరీక్షలో టైమ్ వాళ్లకే కదా కావాలి.

ఎనిమిదో తరగతి అమ్మ: ఈ సాయంత్రం వాడిచేత రెండు దోశలు పోయించాను, ఒకటి చిన్నది, ఒకటి రెండింతలు. మూడో గరిటె పోశాక కూడా అంచు దాకా రాకపోయేసరికి గిన్నె పక్కన పెట్టి "అమ్మా, స్కేలు ఇవ్వు" అన్నాడు.