సెర్బియన్ తిట్టు ‘బుదాలా’: బుద్ధికి చుట్టమా, బదిలీకా?

పదపిపాసి: సెర్బియన్, క్రొయేషియన్, బోస్నియన్, బల్గేరియన్ భాషల్లో ‘బుదాలా’ అంటే తెలివితక్కువ మనిషి. హిందీలో ‘బుద్ధూ’ ఉంది, ఈ నాలుగూ చెందిన స్లావిక్ కుటుంబంలో మేల్కొలపడానికి ‘బుదితి’ ఉంది. ఇది వాళ్ల సొంత మాటేనని నా వాదన.

నిఘంటువు పురుగు: బుదితి, బుద్ధి ఒకే మూలానివి, ఒప్పుకుంటా. బుదాలా మాత్రం ఆ ఇంటిది కాదండీ. అలాగైతే రష్యన్, పోలిష్, చెక్‌లలోనూ వినిపించాలి. ఇది ఒట్టోమన్ టర్కుల పాలన నడిచిన బాల్కన్లలోనే ఉంది. పైగా స్లావిక్ కాని అల్బేనియన్‌లో ‘బుదలా’, గ్రీకులో ‘బుందలాస్’ ఉన్నాయి. అందరికీ ఇచ్చింది టర్కీ భాష, దానికి ఇచ్చింది అరబ్బీ. అరబ్బీలో ఇది ‘బదీల్’కు బహువచనం, బదులుగా నిలిచేవాళ్లని అర్థం. సూఫీల నమ్మకంలో వాళ్లు లోకాన్ని నిలబెట్టే గుప్త సాధువులు. ఒకరు పోతే దేవుడు ఆ చోట ఇంకొకర్ని ఉంచుతాడు. ఉర్దూ మీదుగా మనకొచ్చిన ‘బదిలీ’దీ ఆ ధాతువే. బుద్ధి కన్నా ఎమ్మార్వో గారి బదిలీయే దీనికి దగ్గరి చుట్టం!

తుంగభద్ర: సరే, కానీ సాధువుని వెర్రివాణ్ణి చేసింది క్రైస్తవ స్లావులే కదా? దర్వేషుల (సూఫీ ఫకీర్ల) మీద ఎగతాళిగా?

నిఘంటువు పురుగు: కుదరదు. టర్కీ భాషలోనే బుదలా అంటే మూర్ఖుడు. అదే ధాతువు నుంచి వచ్చిన ‘అబ్దాల్’ కూడా అక్కడ సాధువు నుంచి దేశదిమ్మరి దర్వేషుకి దిగి, ‘అప్తల్’గా మారి మందబుద్ధి అయింది. ముస్లింలు ఎక్కువగా ఉన్న అల్బేనియన్లు, బోస్నియాక్‌లు కూడా దీన్ని తిట్టుగానే వాడతారు. ఇన్ని భాషలు ఎవరికి వారే ఒకే ఎగతాళి చేశాయనుకోవడం కన్నా, తిట్టుగానే అందుకున్నాయనడం సబబు.

బాల్కన్ బాట: వాడుక గురించి కొంచెం. ‘ఆ’తో ముగుస్తుంది కాబట్టి విభక్తులు స్త్రీలింగపువి. సెర్బియన్‌లో మగాణ్ణి తిట్టినా స్త్రీలింగంలో ‘బుదాలో యెద్నా!’ (ఒరే మూర్ఖుడా!) అనడమే సహజం. నేర్చుకునేవాళ్లు అక్కడ ‘యెద్నా’ బదులు పుంలింగపు ‘యెదాన్’ పెట్టేసి తడబడతారు. ‘ఆ మూర్ఖుడు’ అని చూపించేటప్పుడు మాత్రం స్త్రీలింగపు ‘తా బుదాలా’, పుంలింగపు ‘తాయ్ బుదాలా’ రెండూ వింటాం. స్నేహితుల మధ్య ‘నె బుదాలి’ అంటే ‘పిచ్చిమాటలు ఆపరా’ అన్నంతే. బల్గేరియన్ ‘బుదాల్కమ్’లో తిట్టే లేదు, అది ఆటపట్టించడం. ముక్కూమొహం తెలియనివాణ్ణి ‘బుదాలో’ అంటే మాత్రం గొడవే.

పదపిపాసి: మరి బోస్నియాలో ‘హైవాన్’ అంటారే, మన హైదరాబాదీ ఉర్దూ హైవానేనా?

నిఘంటువు పురుగు: అదేనండీ. అరబ్బీలో జంతువు. అటు టర్కీ మీదుగా, ఇటు ఫార్సీ మీదుగా.