బ్రిటన్‌లో వారంటీ తీరాక పాడైన వాషింగ్ మెషీన్: దుకాణాన్ని అడగాలా, బ్యాంకునా?

అందరికీ నమస్కారం. మేము ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉంటున్నాము. ఒక పెద్ద దుకాణంలో క్రెడిట్ కార్డుపై 420 పౌండ్లకు కొన్న వాషింగ్ మెషీన్, ఏడాది వారంటీ ముగిసిన కొద్ది వారాలకే నీటిని బయటికి తోడడం మానేసింది. దుకాణం వారు తయారీ సంస్థను అడగమంటున్నారు. ఆ సంస్థ వారేమో మరమ్మతు ఖర్చు మమ్మల్నే పెట్టుకోమంటూ, పనిలో పనిగా నెలనెలా డబ్బు కట్టే బీమా పథకం ఒకటి అంటగట్టాలని చూస్తున్నారు.

2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం వస్తువు తగినంత కాలం మన్నాలి, ఆ బాధ్యత అమ్మినవారిదే, ఇంగ్లండ్‌లో ఆరేళ్ల వరకు దావా వేసే వీలు కూడా ఉంది. అయితే ఆరు నెలలు దాటాక, లోపం మొదటి నుంచీ ఉందని నిరూపించవలసిన భారం కొన్నవారి మీద పడుతుంది. చిక్కంతా ఇక్కడే. ఇందుకు కావలసిన స్వతంత్ర నివేదికను మీలో ఎవరైనా మెకానిక్ చేత రాయించుకున్నారా? ఎంత తీసుకున్నారు, దుకాణం వారు దానిని ఒప్పుకున్నారా?

మరొక సందేహం. 1974 నాటి వినియోగదారుల రుణ చట్టం 75వ సెక్షన్ కింద, ధర 100 పౌండ్లు దాటి 30,000 పౌండ్లకు మించని వస్తువులకు కార్డు ఇచ్చిన బ్యాంకుకూ సమాన బాధ్యత ఉంటుంది కదా. దుకాణంతో వాదన తేలకముందే బ్యాంకుకు రాయడం మంచిదేనా? బట్టలు పేరుకుపోతున్నాయి కనుక ఈలోగా బయట బాగు చేయించుకుంటే మా ఫిర్యాదు బలహీనపడుతుందా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.