అప్‌డేట్: షాపు లెక్కలకి లిబ్రేఆఫీస్ వేసేశాం
మా నాన్నగారి స్టీలు సామాన్ల షాపులో పాత కంప్యూటర్‌కి బిల్లులు, బాకీలు రాసుకోడానికి ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉందా అని అడిగా కదా, ఎక్కువమంది లిబ్రేఆఫీస్ అన్నారు, అదే వేశాం. నెట్ లేకపోయినా నడుస్తోంది, మాకు కావాల్సిందే అది. అందులో ఎక్సెల్ లాంటి కాల్క్‌లో ఆటోఫిల్టర్ (కావాల్సిన వరసలే చూపించేది) పెట్టాక పేరు ఎంచుకుంటే ఎవరి బాకీ ఎంతో వచ్చేస్తోంది, బిల్లేమో నేరుగా పీడీఎఫ్ చేసి వాట్సాప్‌లో పంపేస్తున్నాం (నాన్నగారు ఇంకా ఖాతా పుస్తకంలో కూడా రాస్తూనే ఉన్నారు, నేనేం అనట్లేదు). ఆడిటర్ గారు కాల్క్ మామూలుగా సేవ్ చేసే ఓడీఎస్ ఫైల్ వద్దన్నారు, సేవ్ యాజ్‌లో ఎక్సెల్ ఫార్మాట్ ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ పెడితే సరిపోయింది. బిల్లు మీద షాపు పేరుకి గూగుల్ ఫాంట్స్‌లోంచి రామభద్ర అనే ఫాంట్ దింపా, లావుగా భలే ఉంది, కింద వివరాలకి మండలి. కాకపోతే టాలీ లాంటి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ అనుకుని దిగకండి, బిల్లు కొట్టగానే స్టాక్ దానంతటదే తగ్గదు. అది చేసే ఫ్రీది ఏదైనా మీరు వాడుతుంటే చెప్పండి.