వర్చువల్ గిటార్ హార్మోనియంలా వినిపిస్తోంది, ఏం చేయాలి?

ప్రశ్న (కడప): నాకు గిటార్ వాయించడం రాదు కనుక, ఇంట్లో రికార్డు చేసుకునే పాటలకు వర్చువల్ గిటార్‌ను (కంప్యూటర్‌లో గిటార్ ధ్వనినిచ్చే సాఫ్ట్‌వేర్‌ను) కీబోర్డుతో వాయిస్తున్నాను. ఎంత మంచి శాంపిల్స్ (అసలు గిటార్ నుండి రికార్డు చేసిన ధ్వనులు) వాడినా అది హార్మోనియంలాగే వినిపిస్తోంది. లోపం ఎక్కడుందో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (అనంతపురం): లోపం స్వరాల అమరికలో ఉందని నా అభిప్రాయం. కీబోర్డు మీద సి మేజర్ కార్డ్‌కు (కలిపి మోగించే స్వరాల గుంపుకు) మూడు స్వరాలను పక్కపక్కనే నొక్కుతాము. గిటార్ మీద అదే కార్డ్‌కు సి, ఇ, జి, సి, ఇ అనే వరుసలో ఐదు తీగలు మోగుతాయి. పైగా చేయి తీగలన్నింటినీ ఒకేసారి తాకదు కనుక, ఒక్కో స్వరాన్ని ముందరి స్వరం కన్నా 10 నుండి 20 మిల్లీసెకండ్లు ఆలస్యంగా మోగించండి. కిందికి మీటినప్పుడు లావు తీగ, పైకి మీటినప్పుడు సన్న తీగ ముందుగా పలకాలి. ఈ ఒక్క మార్పుతోనే నా పాటలకు ప్రాణం వచ్చింది.

జవాబు (కర్నూలు): పై మాట నిజం. వెలాసిటీని, అంటే కీని నొక్కే బలాన్ని, అన్ని స్వరాలకూ ఒకే అంకె మీద ఉంచకండి. ఎడమ, కుడి వైపుల వెడల్పు కోసం ఒకే ట్రాక్‌ను కాపీ చేస్తే ధ్వని మధ్యలోనే గట్టిపడుతుంది. రెండోసారి కొత్తగా వాయించి రికార్డు చేయండి.

ప్రశ్నించినవారు: కృతజ్ఞతలండీ. ఈ రాత్రే పల్లవిని మళ్లీ వాయిస్తాను.