12 బోరు తుపాకిలో ఆ పన్నెండు ఏమిటి? తెలుగులో ఎలా చెబుదాం?

మిత్రులకు నమస్కారం. మా అక్క కొడుకు అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రంలో ఉంటాడు. ఆ దేశంలో వరి అన్నిటికంటే ఎక్కువ పండేది అక్కడే. కోతలయ్యాక చాలా పొలాల్లో నీళ్ళు నిలబెడతారు. చలికాలం ఉత్తరాది నుంచి అడవి బాతులు గుంపులు గుంపులుగా వచ్చి వాటిలో దిగుతాయి. తోటి ఉద్యోగులతో బాతుల వేటకు వెళ్దామని వాడు తుపాకి కొనబోతున్నాడు. "ఏం తుపాకిరా అది?" అని అక్క ఫోన్లో అడిగితే "ట్వెల్వ్ గేజ్ షాట్‌గన్, మాడిఫైడ్ చోక్, నంబర్ టూ స్టీల్" అన్నాడట. అక్కకి ఒక్క ముక్క అర్థం కాలేదు, నాకు ఫోన్ చేసింది. నాకు విషయం తెలుసు. కానీ తెలుగులో చెప్పబోతే మాట దొరకలేదు. అదే నన్ను బాధపెట్టింది.

నిజానికి మనకు మాటలు లేకపోలేదు. తుపాకి తుర్కీ నుంచి వచ్చినా ఎప్పుడో మనదైపోయింది. గొట్టం, మడమ (భుజానికి ఆనించే వెనక భాగం), మీట అన్నీ ఉన్నాయి. విల్లుకు నారి ఎక్కించడానికి వాడిన "ఎక్కుపెట్టడం" తుపాకికీ హాయిగా సరిపోయింది. అయితే మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేట ఆగిపోయింది. ఆగడం మంచిదే. కొల్లేరులో, పులికాట్‌లో పక్షులు మిగిలాయంటే అందులో ఆ చట్టం పాత్ర ఉంది. కాకపోతే పనితో పాటు దాని మాటలూ వాడుకలోంచి జారిపోయాయి. ఇప్పుడు పత్రికల్లో అన్నీ "తూటాలే". పేలేదీ తూటా, దిగేదీ తూటా, ఒంట్లోంచి తీసేదీ తూటా.

షాట్‌గన్ దగ్గర ఈ కలగాపులగం అస్సలు కుదరదు. రైఫిల్ నుంచి ఒక్కసారికి ఒక్క గుండే వెళ్తుంది. షాట్‌గన్ తూటాలో ఆవగింజల్లాంటివి, మిరియాల్లాంటివి వందల కొద్దీ ఉంటాయి. బాతులకు వాడే ఒక మామూలు తూటాలో, అంటే ఔన్సుంపావు ఉక్కు నింపినదాంట్లో, 2వ నంబరు సైజువి సుమారు 156 పడతాయి. కాబట్టి మందూ గుండ్లూ కలిపి కట్టిన పొట్లం మొత్తం తూటా. లోపలివాటికి నేను "గుళికలు" అంటాను. వరి చేలో గుళికలు చల్లడం మన రైతులందరికీ తెలిసిన మాట. గుండ్రంగా, చిన్నగా ఉండి, చెదిరి పడేవి. షాట్‌గన్ అంటే గుళికల తుపాకి. మా అక్కకి ఇది వెంటనే అర్థమైంది.

ఇక అసలు చిక్కు గేజ్. మన లైసెన్సుల్లో, మాటల్లో దాన్ని బోరు అంటారు. బోరు అనగానే మనకు పొలంలో నీళ్ళ బోరు గుర్తొస్తుంది, లేకపోతే విసుగు. పైగా 12 కంటే 20 పెద్దది కదా అనుకుంటాం. కాదు, 20 గొట్టమే సన్నం. 12 గొట్టం లోపలి వెడల్పు 18.5 మిల్లీమీటర్లు, 20ది 15.6.

ఎందుకలా అంటే, ఒక పౌను (సుమారు 454 గ్రాములు) సీసం తీసుకుని 12 సమానమైన గుండ్లు చేస్తే, ఆ గుండు సరిగ్గా పట్టే గొట్టం 12 గేజ్. 20 గుండ్లు చేస్తే ఒక్కోటి చిన్నదవుతుంది, గొట్టమూ సన్నబడుతుంది. ఇది చదువుతుంటే నాకు భీమవరం రొయ్యల చెరువుల గట్టు గుర్తొచ్చింది. అక్కడ ఎవర్నడిగినా చెప్తారు, 30 కౌంటు రొయ్య పెద్దది, 100 కౌంటు రొయ్య చిన్నది. కిలోకి ఎన్ని తూగుతాయన్నదే కౌంటు. గేజ్ కూడా అచ్చంగా అదే లెక్క, కిలో బదులు పౌను. 12 గేజ్ గుండు సుమారు 38 గ్రాములు, 30 కౌంటు రొయ్య కంటే కాస్త బరువు. అందుకని గేజ్‌ని "కౌంటు" అందామని నా ప్రతిపాదన. ఇంగ్లిష్ మాటే అయినా మన చెరువు గట్ల మీద ఇప్పటికే బతుకుతున్న మాట, అర్థం తనలోనే మోస్తున్న మాట. మీ అభిప్రాయం చెప్పండి.

వ్యాఖ్య: కౌంటు చాలా బాగుందండీ. మాది నేత కుటుంబం. మా ఇంట్లో నూలుకీ ఇదే లెక్క. 40వ నంబరు నూలు ముతక, 100వ నంబరు సన్నం, పొందూరు ఖద్దరుకి వాడేంత సన్నం. 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) పౌనుకి ఎన్ని తూగితే అంత నంబరు. అదీ పౌను లెక్కే. గుళికల నంబర్లు కూడా ఇలాగేనా?

నా జవాబు: నూలు సంగతి నాకు తట్టనే లేదు, చాలా సంతోషం. గుళికల్లోనూ నంబరు పెరిగితే సైజు తగ్గుతుంది గానీ అది బరువు లెక్క కాదు. 17లోంచి నంబరు తీసేస్తే అంగుళంలో వందో వంతుల్లో గుళిక అడ్డుకొలత వస్తుంది. 2వ నంబరు 0.15 అంగుళం, 4వ నంబరు 0.13. పెద్ద బాతులకు 2, చిన్నవాటికి 4 మంచిది.

వ్యాఖ్య: గుళికల బదులు "రవ్వలు" అంటే ఇంకా తేలిగ్గా ఉండదా? ఇంకో సందేహం, సీసం ఉండగా ఉక్కు ఎందుకు?

నా జవాబు: రవ్వ అంటే చాలామందికి నిప్పురవ్వ తోస్తుంది. తుపాకి పక్కన ఆ మాట పెడితే నిప్పు అనే అనుకుంటారు. అందుకే గుళిక వైపు మొగ్గాను.

ఉక్కు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. బాతుకి పళ్ళుండవు. గింజలు నలగడానికి నీటి అడుగున ఇసుకరాళ్ళు ఏరి మింగుతుంది. కందనకాయలో అవే తిరగలి పని చేస్తాయి. వేటగాళ్ళు కాల్చిన సీసం గుళికలు అడుగున పడి ఉంటే వాటినీ రాళ్ళనుకుని మింగేది. అవి అరిగి రక్తంలో కలిసి, గుళిక తగలని బాతులు కూడా విషంతో చచ్చిపోయేవి. అందుకే 1991 నుంచి అమెరికా అంతటా నీటిపక్షుల వేటలో సీసం నిషేధం. దాంతో తుపాకి ఎంపికే మారిపోయింది. ఉక్కు సీసం కంటే తేలిక, త్వరగా వేగం తగ్గుతుంది, కాబట్టి గుళిక ఒకటి రెండు సైజులు పెద్దది కావాలి. అవి సరిపడా పట్టాలంటే పొడుగు తూటా కావాలి. 3 అంగుళాల తూటా పట్టే 12 కౌంటు తుపాకినే ఎక్కువమంది కొనేది అందుకే. తాతలనాటి పలుచటి జంట గొట్టాల తుపాకిలో ఉక్కు కాల్చకూడదు, గొట్టం పాడవుతుంది.

వ్యాఖ్య: మరి చోక్? మాకు తెలిసిన చోక్ బజాజ్ చేతక్‌దే!

నా జవాబు: దీనికి "మూతి బిగువు" అని రాసుకున్నాను. గొట్టం చివర కొంచెం ఇరుకు చేస్తారు. మందు కొట్టే స్ప్రేయర్ నాజిల్ తలుచుకోండి. బిగువు ఎక్కువైతే గుళికలు దగ్గరగా పోతాయి, వదులైతే త్వరగా విచ్చుకుంటాయి. ఉక్కు గట్టిది, నలగదు, దానంతటదే గుంపుగా పోతుంది. కాబట్టి నడిమి బిగువు చాలు, పూర్తి బిగువు వద్దు. మావాడన్న "మాడిఫైడ్" అదే.

మడమ గురించి కూడా వాడికి చెప్పాను. ఎగిరే బాతుని నిలకడగా గురి చూసి కొట్టరు. దానితో పాటు గొట్టాన్ని ఊపి, దాని ముందుకు కాలుస్తారు. మడమ భుజానికి ఆనగానే కన్ను గొట్టం వెంట పోవాలి. చలికోటు వేసుకుంటే అదే మడమ అంగుళం పొడుగైనట్టుంటుంది. అందుకే దుకాణంలో కోటు తొడుక్కునే తుపాకి పట్టి చూడమన్నాను.

వ్యాఖ్య: 410 అని కూడా విన్నాను. అంటే పౌనుకి 410 గుండ్లా?

నా జవాబు: కాదండీ, అదొక్కటే ఈ లెక్కకు లొంగదు. అది 0.410 అంగుళం, గొట్టం అసలు వెడల్పు. కౌంటులో చెబితే 67 దాకా వస్తుంది. బాతులకు చాలదు.

కౌంటు తెలియకపోతే ప్రమాదం కూడా ఉంది. 20 కౌంటు తూటా పొరపాటున 12 తుపాకిలో వేస్తే, సన్నంగా ఉండటంతో లోపలికి జారి గొట్టంలో ఇరుక్కుంటుంది. ఖాళీ అనుకుని వెనకాల 12 తూటా వేసి మీట నొక్కితే గొట్టం పగిలిపోతుంది. అందుకే 20 తూటాలను పసుపు రంగులో చేస్తారు. ఇది చెప్పాక అక్క వాణ్ణి అడిగిన మొదటి మాట, "నీ తూటాలు ఏ రంగురా?"