ఊళ్లో క్యాన్సర్ ఎక్కువుందో లేదో ఇంటింటి సర్వే తేల్చగలదా?

గోదావరి గట్టు:
2025 మార్చిలో తూర్పు గోదావరి జిల్లా బలభద్రపురంలో క్యాన్సర్ బాధితులు పెరిగిపోయారన్న మాట శాసనసభ దాకా వెళ్లింది. వైద్య బృందాలు ఇంటింటికీ తిరిగాయి. ఆ తర్వాత మా ఊళ్లోనూ పేర్లు రాసుకున్నారు. మా వీధిలో మూడేళ్లలో నలుగురు క్యాన్సర్‌తో పోయారు. వచ్చినావిడ మాత్రం ఇప్పుడు మందులు వాడుతున్నవారినే అడిగింది. పోయినవారు లెక్కలోకి రారా?

లెక్కల పంతులు:
రావాలి, అందులో మీదే న్యాయం. కానీ పేర్లు ఎక్కువ కనబడినంత మాత్రాన జబ్బు ఎక్కువని కాదు. 2022 అంచనా ప్రకారం దేశంలో ఏటా లక్ష మందిలో సుమారు 100 కొత్త కేసులు. అంటే పదివేల జనాభా ఉన్న ఊరికి ఏటా పది. పాత రోగులనూ కలిపితే ముప్పై నలభై పేర్లు దొరకడం వింత కాదు. ఏ కారణమూ లేకుండానే ఒక ఏడు ఐదు, మరో ఏడు పదిహేను రావచ్చు. పైగా పిల్లలు హైదరాబాద్‌కో అమెరికాకో వెళ్లిపోయి పెద్దలే మిగిలిన ఊళ్లలో ఈ జబ్బు సహజంగానే ఎక్కువ కనిపిస్తుంది. వయసుల తేడా సరిచేయకుండా రెండు ఊళ్లను పోల్చకూడదు.

నమోదు పుస్తకం:
నేను క్యాన్సర్ రిజిస్ట్రీలో, అంటే ఒక ప్రాంతంలో వచ్చే ప్రతి క్యాన్సర్ కేసునూ నమోదు చేసే చోట, పనిచేశాను. ఆసుపత్రులు, ల్యాబులు, మరణాల రిజిస్టర్లు, అన్నీ తిరిగి ఒక్కో పేరు పట్టుకుంటాం. కనీసం ఏడాదిగా అక్కడ నివసిస్తేనే ఆ ప్రాంతపు లెక్క. మా నాన్నగారినే ఆసుపత్రిలో చేర్చినప్పుడు హైదరాబాద్‌లోని మా ఇంటి చిరునామా రాయించాం. ఆరా తీయకపోతే ఆయన జబ్బు నగరం ఖాతాలో పడేది, ఊరు ఒక కేసు పోగొట్టుకునేది.
ఇక తక్కువ అంకె చూసి సంబరపడకండి. 2020 జాతీయ నివేదికలో వయసు సరిచేశాక పురుషుల్లో మిజోరంలోని ఐజ్వాల్‌లో లక్షకు 269.4 కొత్త కేసులు, మహారాష్ట్రలోని ఉస్మానాబాద్, బీడ్ జిల్లాల్లో 39.5. మిజోరంలో పొగాకు వాడకం ఎక్కువన్నది నిజమే. కానీ పరీక్ష దాకా వెళ్లని మనిషి ఏ పుస్తకంలోనూ ఉండడు. అందుకే 1987లో మహారాష్ట్రలోని బార్శీలో గ్రామీణ రిజిస్ట్రీ పెట్టినప్పుడు సిబ్బంది ఊళ్లకే వెళ్లి, లక్షణాలు చెప్పి, అనుమానమున్నవారిని పరీక్షలకు పంపారు. దేశ జనాభాలో క్యాన్సర్ రిజిస్ట్రీల కిందకు వచ్చేది కొద్ది భాగమే.

గోదావరి గట్టు:
పంతులు గారూ, మీ లెక్కనే పట్టుకుంటాను. ఐదేళ్లకు యాభై రావాలి. ఎనభై తేలితే? అప్పుడూ కాకతాళీయమేనా? మా అనుమానం ఊరి నీళ్ల మీదే. రిజిస్ట్రీ వచ్చేదాకా ఆ నీళ్లే తాగుతూ కూర్చోమంటారా?

లెక్కల పంతులు:
ఎనభై తేలితే వయసుల తేడా సరిచూసి, అది కారణం కాకపోతే నేనూ మీ వెంట నిలబడతాను. నీటి పరీక్ష దేనికోసమూ ఆగనక్కర్లేదు, రేపే చేయించండి. కానీ నీటి మీద నింద వేసే ముందు ఏ అవయవానికి వచ్చిందో చూడాలి. రొమ్ము, నోరు, గర్భాశయ ముఖద్వారం, ఊపిరితిత్తులు, ఇలా తలో రకం ఉంటే ఒకే మూలం దొరకడం కష్టం. ఒకే రకం గుంపుగా ఉంటే అక్కడ తవ్వాలి.

నమోదు పుస్తకం:
గట్టు గారూ, ఆ నలుగురి ఇళ్లలో బయాప్సీ (ముక్క తీసి చేసే పరీక్ష) కాగితాలు ఉంటే పారేయనివ్వకండి. జబ్బు బయటపడిన తేదీ, వయసు, అవయవం, అప్పటికి ఎన్నేళ్లుగా ఊళ్లో ఉన్నారు, ఈ నాలుగూ ఒక నోటు పుస్తకంలో రాయించండి. మరణ ధ్రువపత్రంలో గుండె ఆగిందని ఉన్నా సరే, వారి పేర్లు వదలకండి.