20వ తేదీ దగ్గర పడితే నిద్ర పట్టడం లేదు, మీరెలా నెట్టుకొస్తున్నారు?

కడప గుమాస్తా:
కడపలో ఒక ఆడిటర్ ఆఫీసులో రెండేళ్లుగా చేస్తున్నా. బీకాం అయ్యాక ఇదే మొదటి ఉద్యోగం. నా చేతిలో 38 ఫైళ్లు. ఎక్కువ భాగం కడప బండ పాలిష్ యూనిట్లు, కొన్ని పసుపు కొట్లు. నెలనెలా 11కి జీఎస్టీఆర్-1 (అమ్మకాల బిల్లుల రిటర్ను), 20కి 3బీ (పన్ను కట్టే రిటర్ను). ఈసారి ఒక బండల యూనిట్ బిల్లును తప్పు పార్టీకి ఎక్కించాను. సరుకు కొనే ఇద్దరిదీ ఒకే పేరు, ఒకరిది ప్రొద్దుటూరు, ఇంకొకరిది రాజంపేట. ప్రొద్దుటూరాయనకు 2బీలో (కొన్నవాళ్లకు పోర్టల్లో వచ్చే బిల్లుల లిస్టు) బిల్లు కనపడలేదు. ఆయన మా క్లయింటుకు ఫోన్, క్లయింటు మా సారుకు ఫోన్, సారు అందరి ముందూ నాకు క్లాసు. అప్పటినుంచి ప్రతి బిల్లూ మూడుసార్లు చూస్తున్నా, అయినా నమ్మకం కుదరడం లేదు. మోటివేషన్ వీడియోలు చెప్పకండి, చూసి చూసి విసుగొచ్చింది. ఆఫీసులో రోజూ మీరు నిజంగా చేసే పనులేమైనా ఉంటే చెప్పండి.

కర్నూలు అక్క:
ముందు ఆ తప్పు సంగతి. దీనికి ఉద్యోగాలు పోవు తమ్ముడూ. మారాల్సింది పార్టీ జీఎస్టీఐఎన్ (జీఎస్టీ నంబరు) కాబట్టి అదే నెల సవరణ ఫారం 1ఏలో కుదరదు, వచ్చే నెల జీఎస్టీఆర్-1లో అమెండ్‌మెంట్ వేయాలి. ప్రొద్దుటూరాయనకు ఇన్‌పుట్ (కొన్నప్పుడు కట్టిన పన్ను తగ్గింపు) ఒక నెల ఆలస్యంగా వస్తుంది, అంతే. ఈ ముక్క సారుకు చెప్పి, నువ్వే ప్రొద్దుటూరాయనకు ఫోన్ చెయ్.

ఇక అలవాటంటావా, నాకున్నది ఒకటే. 2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూల్లోకి వచ్చినప్పుడు నేను ఒక పురుగుమందుల హోల్‌సేల్ కొట్టులో లెక్కలు రాస్తున్నా. నీళ్లు తీశాక షట్టరు ఎత్తితే ఖాతా పుస్తకాలు బురదలో ముద్దయిపోయాయి. పేజీ తిప్పబోతే పది పేజీలు కలిసి అట్టలా ఊడొచ్చాయి. కంప్యూటర్ డబ్బాలోంచి నీళ్లు కారాయి. ఏ రైతు బాకీ ఎంతో చెప్పేవాడు లేడు. నా హ్యాండ్‌బ్యాగులో మాత్రం చిన్న డైరీ ఉండింది. సాయంత్రం షట్టరు వేసేముందు ఆ రోజు వచ్చిన డబ్బు, పోయిన సరుకు, నాకు అనుమానమున్న ఎంట్రీలు అరపేజీ రాసుకునేదాన్ని. కంప్యూటరుండగా ఇదేం పిచ్చి అని ఓనరు నవ్వేవాడు. ఆ డైరీ, రైతుల దగ్గరున్న రసీదులు ముందేసుకుని రెండు నెలలు కూర్చుంటే బాకీల లిస్టు తయారైంది.

ఆ అరపేజీ ఇప్పటికీ రాస్తా. కుడిపక్క నా తప్పులు: ఏం తప్పు, ఎన్ని గంటలకు, దానికి ముందు ఏం చేస్తున్నా. ఆరు నెలల తర్వాత వెనక్కి తిప్పి చూస్తే సగానికి పైగా తప్పులు ఫోన్ మాట్లాడి పెట్టేశాక చేసిన మొదటి ఎంట్రీలోనే ఉన్నాయి. ఇన్నాళ్లూ నాకు బుర్ర తక్కువనుకుని కుమిలిపోయానే అనిపించింది. ఇప్పుడు ఫోను మోగితే ముందు చేతిలో ఉన్న బిల్లు మీద పెన్సిల్‌తో చుక్క పెడతా. తిరిగొచ్చాక ఆ బిల్లు మళ్లీ మొదటినుంచి.

మూడుసార్లు చూడటం దండగ. అదే కన్ను అదే తప్పును మూడుసార్లూ దాటేస్తుంది. జీఎస్టీ నంబరు మొదట్లో 37 మన రాష్ట్రంలో అందరికీ ఉండేదే. తర్వాతి పది అక్షరాలు పాన్, అందులో మధ్యనున్న నాలుగు అంకెలు పైకి చదువు. పక్క సీటువాళ్లు నవ్వితే నవ్వనీ. టాలీలో (లెక్కల సాఫ్ట్‌వేర్) ఆ రెండు పార్టీల ఖాతాల పేర్ల పక్కన ఊరి పేరు ఈరోజే చేర్చు.

అనంతపురం నుంచి:
అక్క చెప్పింది బాగుంది గానీ, 38 ఫైళ్లు ఒక్కడి నెత్తిన పెడితే డైరీ ఏం చేస్తుంది? ఏ పార్టీ బిల్లులు ఏ తేదీన ఇచ్చిందో ఒక షీటులో రాయి. నేను మూడు నెలలు రాసి మా సారుకు చూపించా. ఒక నెల 17 ఫైళ్లు 10వ తేదీ సాయంత్రం వచ్చినవే. నోటితో చెప్తే సాకులనేవాడు, తేదీలు చూసి ఏమీ అనలేకపోయాడు. ఇప్పుడు 7లోపు బిల్లులివ్వని పార్టీలకు ఆయనే ఫోన్ చేస్తున్నాడు. ఇంకోటి, మధ్యాహ్నం డబ్బా సీట్లో కూర్చుని తినొద్దు. లేచి బయటికి పో.

కడప గుమాస్తా:
అక్కా, ప్రొద్దుటూరాయనకు ఫోన్ చేశా. "ఈ మాట ముందే చెప్పింటే నేను అరిచేవాణ్ణి కాదు గదప్పా" అన్నాడు. డైరీ మొదలుపెట్టి నాలుగు రోజులైంది, ఐదు తప్పులు తేలాయి. ఫోను వల్ల ఒక్కటే. మూడు సాయంత్రం ఆరు దాటాక, అదీ డబ్బా తెరవకుండా పని చేసిన రోజుల్లో. అనంతపురం అన్నా, షీటు కూడా మొదలుపెట్టా, సారుకు ఇంకా చెప్పలేదు.

ఊరి పేర్లు చేరుస్తుంటే ఇంకో జంట బయటపడింది. మైదుకూరులో ఇద్దరు పసుపు వ్యాపారులు, ఒకే పేరు, ఒకే వీధి. వీళ్లకేం పెట్టాలి?

కర్నూలు అక్క:
పాన్‌లోని ఆ నాలుగు అంకెలే పేరు పక్కన పెట్టు. మేము ఒకసారి తండ్రి పేరు పెట్టాం, తీరా చూస్తే ఇద్దరూ అన్నదమ్ములు.